పది దాటితే పచ్చిది లేదు

ఆర్లిస్ ప్రీబె ముప్పైనాలుగేళ్ల పాటు గొడ్డుమాంసం కైమా కొట్టింది. ఈ వాక్యంలో ఎవరికైనా ఘనత కనబడకపోతే వారిని తప్పుపట్టనక్కర్లేదు. విస్కాన్సిన్‌లో ఆల్ట్‌హోఫ్ అనే మూడువేల మంది ఊరు దాటితే అది ఎవరికీ కనబడదు. ఊళ్లో మాత్రం మేయరు పేరు తెలియనివాళ్లకి కూడా ఆర్లిస్ పేరు తెలుసు. మేయరు ఏమరుపాటుగా ఉంటే రోడ్డు మీద గుంట పడుతుంది. ఆర్లిస్ ఏమరుపాటుగా ఉంటే ఊళ్లో సగం మంది మంచాన పడతారు.

దానికి కారణం ఊరి ఆచారం. క్రిస్మస్‌కీ, డిసెంబరు ముప్పై ఒకటికీ అక్కడివాళ్లు కైమాని పచ్చిగా తింటారు. రై ధాన్యంతో చేసిన నల్లటి రొట్టె ముక్క మీద వేలెడు మందాన పచ్చి కైమా పరిచి, పైన పచ్చి ఉల్లిపాయ చక్రాలు పెట్టి, ఉప్పూ మిరియాల పొడీ చల్లుతారు. పొయ్యి ప్రసక్తి లేదు. ముద్దుగా దాన్ని నరభక్షకుల రొట్టె అంటారు. ముత్తాతలు జర్మనీలో ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్నవాటిలో భాష పోయింది, పాటలు పోయాయి, చర్చిలో ఆడవాళ్లూ మగవాళ్లూ వేరువేరుగా కూర్చునే పద్ధతి పోయింది. ఈ రొట్టె ఒక్కటే మిగిలింది. ఏటా డిసెంబరు మొదటి వారంలో జిల్లా ఆరోగ్యశాఖ, కైమాని లోపలిదాకా ఎరుపు పోయేట్టు వండి తినవలసిందని ప్రకటన చేస్తుంది. ఏటా ఊరివాళ్లు ఆ ప్రకటన చదివి, పండగ దగ్గరికొచ్చిందని గుర్తు తెచ్చుకుని, ఉల్లిపాయలు కొనుక్కుంటారు.

ప్రకటనలో తప్పేమీ లేదని అందరికన్నా బాగా తెలిసింది ఆర్లిస్‌కే. "ముక్కగా ఉన్నంతసేపూ మకిలి పైనే ఉంటుంది. పెనం మీద పడితే చస్తుంది. కైమా కొట్టామా, పైది లోపలికి పోతుంది, లోపలిది పైకొస్తుంది. ఒక ముక్క చేసిన పాపం గిన్నెడు మాంసం మొయ్యాలి," అనేది, చేతి తొడుగులు వేసుకుంటూ. అందుకని ఆమె పచ్చిగా తినే కైమాని ఒక క్రతువులా చేసేది. మిషను కత్తీ, కన్నాల పళ్లేలూ ముందురోజు మరిగే నీళ్లలో కడిగి, మందునీళ్లలో ముంచి, చలిగదిలో పెట్టేది. డిసెంబరులో తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి, ఎముక లేని తొడమాంసం ఒకే పెద్ద ముక్క తీసుకుని, చుట్టూ అరంగుళం మేర పైపొర చెక్కి పక్కకి తోసేది. లోపల మిగిలిన ఎర్రటి భాగాన్ని రెండుసార్లు మిషనులో వేసేది, ముందు పెద్ద కన్నాల పళ్లెంతో, తరవాత చిన్నదాంతో. ఆ మిషనులో అంతకు ముందు ఇంకే మాంసమూ పడకూడదు. తరవాత గోడకి వేలాడే పుస్తకంలో రాసేది: మాంసం ఏ కబేళాది, పెట్టె మీద సంఖ్య ఎంత, మిషను ఎప్పుడు కడిగారు, ఎన్ని గంటలకి కొట్టారు. చివర తన పొడి అక్షరాలు.

ఆ పుస్తకం ప్రభుత్వపు ఆజ్ఞ. కైమా కొట్టే ప్రతి దుకాణమూ పెట్టాలని కొన్నేళ్ల కిందటే నిబంధన వచ్చింది. ఆర్లిస్‌కి అంతకు ముందు పాతికేళ్ల నుంచీ తన సొంత నోటుబుక్కు ఉంది. ప్రభుత్వం తనని చూసే నేర్చుకుందని ఆమె అభిప్రాయం. పైకి అనలేదు, అంత అహంకారి కాదు.

పొద్దున్న పది గంటలకి పచ్చిదాని అమ్మకం ఆగిపోయేది. పది తరవాత అదే మిషనులో తరుగు ముక్కలు పడేవి. పెట్టెల్లో వచ్చే ఆ ముక్కల్లో ఎన్ని ఆవులుంటాయో చెప్పలేం. వాటిని కొవ్వు నూటికి ముప్పై పాళ్లు మించకుండా కలిపి కొడితే బర్గర్లకీ, ఉండలకీ, రొట్టెలా కాల్చే మాంసపు ముద్దకీ పనికొచ్చే మామూలు కైమా తయారవుతుంది. దాన్ని వండుకునే తినాలి. అందుకే అమ్మకపు బల్ల పైన అట్టముక్క ఒకటి వేలాడేది: పది దాటితే పచ్చిది లేదు.

ఆర్లిస్ పనిచేసే దుకాణం ట్రెప్టో వాళ్లది. పెద్దాయన పోయాక కొడుకు డ్వేన్ చేతికొచ్చింది. డ్వేన్ మంచివాడే. ఎవరినీ కాదనలేని మంచితనం అతనిది. దుకాణాలకది ప్రాణాంతకమైన జబ్బు.

ఆ ఏడు డిసెంబరు ముప్పై ఒకటిన, పన్నెండుకి పావుగంట తక్కువ ఉండగా, లెస్టర్ నిమెట్జ్ లోపలికొచ్చాడు. ఊళ్లో బీమా ఏజెంటు, లూథరన్ చర్చి సంఘానికి అధ్యక్షుడు, ఆర్లిస్‌తో ఒకటో తరగతి నుంచీ చదివినవాడు. చర్చి హాల్లో సంవత్సరాంతపు విందుకి మాంసం తెచ్చే బాధ్యత ఇరవై ఏళ్లుగా ఆయనది. ఆ పొద్దున్న గడ్డకట్టిన చెరువు మీద కన్నం చేసి చేపలు పడుతూ కూర్చున్నాడు. చేపలు పడుతుంటే గడియారం చూసే మగవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

"ఆర్లిస్, పద్నాలుగు పౌన్లు. పచ్చిది."

"టైమెంతయింది, లెస్టర్?"

"పన్నెండు కాలేదుగా."

"పదయిందిగా. నాలుగు పెట్టెల తరుగు పోయింది ఇందులోంచి. ఇది వండుకునేది."

"అయితే కడిగి కొట్టు."

"కడిగి, చల్లబరిచి, కొట్టేసరికి గంటన్నర పైనే. రెండింటికి రా."

"రెండింటికి హాల్లో బల్లలు వెయ్యాలి. నలభైమంది వస్తున్నారు. వాళ్లకేం చెప్పమంటావు?"

"చేపలు పట్టానని చెప్పు. అవే వేయించుకు తింటారు."

వెనక వరసలో నుంచున్న ఇద్దరు ఆడవాళ్లు, చర్చి పాటల బృందంలో వాళ్లే, కిసుక్కున నవ్వారు. లెస్టర్ నవ్వలేదు. చర్చి సంఘానికి అధ్యక్షుడయ్యాక ఆయన్ని చూసి ఎవరూ అలా నవ్వలేదు.

పన్నెండింటికి ఆర్లిస్ రోడ్డు దాటి ఇంటికి భోజనానికి వెళ్లింది. అరగంటలో తిరిగొచ్చేసరికి మిషను పళ్లెం కన్నాల్లో ఎర్రటి, కొవ్వులేని పోగులు వేలాడుతున్నాయి. తరుగు ముక్కల కైమా అంత ఎర్రగా ఉండదు.

"ఎవరు కొట్టారు?" అంది.

"నేనే," అన్నాడు డ్వేన్. "లెస్టర్ పాపం మళ్లీ వచ్చాడు. తొడమాంసమే వేశాను లెండి, తరుగు కాదు."

"మిషను కడిగావా?"

"తుడిచాను."

"పచ్చిగా తినడానికేనా?"

"ఉండలు చేసుకుంటామన్నాడు."

ఆ మాట లెస్టర్ తనంతట తాను అన్నాడో, డ్వేనే ఆయనచేత అనిపించాడో అతని ముఖం చూస్తే తెలియలేదు.

"పుస్తకంలో రాయి మరి."

"సాయంత్రం రాస్తాను."

"ఇప్పుడు రాయి. కొట్టినవాళ్లే రాయాలి."

"రాస్తానన్నానుగా, ఆర్లిస్. మీరు కాసేపు కూర్చోండి, పొద్దుట్నించీ నుంచునే ఉన్నారు."

ఆమె తనే రాసేసి ఉండవచ్చు. కానీ తను కొట్టని మాంసం కింద తన అక్షరాలు ముప్పైనాలుగేళ్లలో పెట్టలేదు, యజమాని అక్షరాలు ఫోర్జరీ చేసే అలవాటూ లేదు. లెస్టర్ ఇంటికి ఒకసారి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. రెండోసారి చెయ్యలేదు. ఆ చెయ్యని రెండోసారి గురించి తరవాత ఆమె చాలా ఆలోచించింది. ఆ సాయంత్రం మాత్రం ఎప్పట్లాగే ఎనిమిదింటికల్లా పడుకుంది. కొత్త సంవత్సరం రావడానికి తను మేలుకోనక్కర్లేదని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

హాల్లో జరిగింది ఆమెకి తరవాత ఒక్కొక్కరూ చెప్పారు. లెస్టర్ పళ్లెం రెండు చేతులా ఎత్తి, "ఆర్లిస్ పొద్దుటి కైమా, మొదటి వాయి," అని ప్రకటించాడట. మధ్యాహ్నపు కైమా అతిథులకి పెట్టినవాడని ఆల్ట్‌హోఫ్‌లో పేరు పడడం దివాలా తియ్యడం కన్నా హీనం. ఆర్గన్ వాయించే ఎనభైమూడేళ్ల ఇర్మ్‌గార్డ్ బుస్సె డాక్టరు వద్దన్నందుకు రెండేళ్లుగా పచ్చిది ముట్టడం లేదు. ఆ మాట విని, "ఆర్లిస్‌ది అయితే ఫరవాలేదు," అని రెండు ముక్కలు తీసుకుందట.

జనవరి అయిదు నాటికి పందొమ్మిది మందికి నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. ఇర్మ్‌గార్డ్‌కి మూత్రపిండాల దాకా వెళ్లింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఊరు ముందుగా బంగాళాదుంపల సలాడ్‌ని అనుమానించింది. దాన్ని చేసినావిడ రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజున హాలు ఫ్రిజ్‌లో మిగిలిన కైమాని పరీక్షించి, క్రిమి అందులోనే ఉందని ఆరోగ్యశాఖ తేల్చాక ఆవిడ ఏడుపు ఆపింది. ఎవరూ ఆవిడకి క్షమాపణ చెప్పలేదు.

ఆరోగ్యశాఖ నుంచి వచ్చిన పిల్ల పేరు మై వాంగ్. ముప్పై ఏళ్లుంటాయి. అమ్మానాన్నలు లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మాంగ్ జనం. తను పుట్టింది పక్క జిల్లాలోనే. చేతిలో ఎప్పుడూ ఓ ఫారాల కట్ట ఉండేది.

పుస్తకం చూసింది. ముప్పై ఒకటో తారీఖు కింద రెండే పంక్తులున్నాయి. అయిదూ పదికి తొడమాంసం, పదీ ఇరవైకి తరుగు ముక్కలు. రెండింటి కిందా ఆర్లిస్ అక్షరాలే. ఆ రోజు తను మిషను ముట్టుకోలేదని డ్వేన్ సంతకం చేసిచ్చాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆర్లిస్ చేతి మీదుగా కొన్నానని లెస్టర్ సంతకం చేసిచ్చాడు. ఆర్లిస్ జరిగింది జరిగినట్టు చెప్పింది. మై వాంగ్ అదీ రాసుకుని, వరసలో నుంచున్న ఇద్దరు ఆడవాళ్లనీ అడిగింది. నవ్వినట్టు గుర్తుందిగానీ ఎన్ని గంటలకి నవ్వామో గుర్తులేదన్నారు వాళ్లు.

ఇక మిగిలిన దారి ఒకటే. ఆ పొద్దున్న ఆర్లిస్ దగ్గర పచ్చి కైమా కొన్న ఇళ్లు అరవై రెండు. ఆ పేర్లన్నీ పండక్కి ముందుగా చెప్పి రాయించుకున్న చీటీల్లో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఒక్కరికీ తుమ్ము కూడా రాలేదు. మై వాంగ్ ఒక్కొక్కరికీ ఫోను చేసింది.

"కైమా కొన్నారాండీ?"

"కొన్నాం."

"ఎలా తిన్నారు?"

"వండుకున్నాం."

"ఎలా వండారు?"

"బాగా."

ఒకాయన రై రొట్టె మీద పెట్టుకుని తిన్నట్టు నోరు జారాడు. పచ్చి ఉల్లిపాయతోనా అని అడిగితే, ఉల్లిపాయ కూడా వండానన్నాడు. పచ్చి కైమా అమ్మకాన్ని రాష్ట్రం నిషేధించబోతోందని, దానికోసమే ఈ పిల్ల సాక్ష్యాలు పోగుచేస్తోందని అప్పటికే ఊరంతా పొక్కింది. ముత్తాతల నాటి రొట్టెని కాపాడుకోడానికి చిన్న అబద్ధం ఒకటి ఆడితే పోయేదేమీ లేదని ప్రతి ఇల్లూ విడివిడిగా తీర్మానించుకుంది. వినమ్రత, భక్తి, పొదుపు గల అరవై రెండు కుటుంబాలు ఇంత ఏకాభిప్రాయానికి రావడం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు.

చివరి ఫోను అయ్యాక మై వాంగ్ మాంసం గదిలోకి వచ్చి, పెట్టె మీద కూర్చుంది.

"ప్రీబె గారూ, ఈ అరవై రెండిళ్లలో ఒక్కళ్లు పచ్చిగా తిన్నాం, తిని బాగున్నాం అంటే చాలు. మీ పొద్దుటి కైమాలో దోషం లేదని నేను రాయగలను. వండుకు తిన్నామంటే, వాళ్లు బాగున్నది మీ వల్లో పొయ్యి వల్లో ఎలా చెప్పను?"

"ఒక్కళ్లూ అనలేదా?"

"ఇంత జాగ్రత్తగా వండుకునే ఊరు జిల్లాలో ఇంకోటి లేదు."

"నువ్వు నమ్మావా?"

మై వాంగ్ కట్ట సర్దుకుంది. "మా అమ్మా పచ్చి మాంసం చేస్తుందండీ. నిమ్మరసం, పుదీనా, వేయించిన బియ్యం పొడి. ఆఫీసులో ఎవరైనా అడిగితే వండుతుందనే చెప్తాను నేను."

"అయితే నీకు తెలిసిందే రాయి."

"నాకు తెలిసింది రాయడానికి ఫారంలో చోటు లేదు. వాళ్లు చెప్పింది రాయాలి."

ఆ మర్నాడు ఆర్లిస్ లెస్టర్ బీమా ఆఫీసుకి వెళ్లింది. ఆయన లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నువ్వొచ్చింది పదకొండూ ముప్పావుకి."

"కావచ్చు."

"కావచ్చు కాదు. ఆ పిల్లకి ఫోను చేసి చెప్పు."

"ఆర్లిస్, నలభైమంది ముందు పొద్దుటిదని చెప్పాను. ఇర్మ్‌గార్డ్ నా మాట మీద తింది. ఇప్పుడు కాదంటే ఇంక నేను చర్చిలో తలెత్తుకోగలనా?"

"నేనెలా ఎత్తుకోను?"

"నిన్నెవరేమన్నారు? ఊళ్లో ఒక్కళ్లకి నీ మీద కోపం ఉందేమో కనుక్కో. అందరూ అయ్యో పాపం అనే అంటున్నారు. ఎవరికైనా ఒక్కోసారి చెయ్యి జారుతుంది, ముప్పైనాలుగేళ్లలో ఒకసారి, అంటున్నారు. నేనూ అదే అంటున్నాను."

"నువ్వూనా?"

"నీ తరఫునే మాట్లాడుతున్నాను, ఆర్లిస్," అన్నాడు లెస్టర్. ఆ క్షణానికి దాన్ని ఆయన నమ్మాడు కూడా.

నివేదిక నెలాఖరుకి వచ్చింది. రోగకారణం "బహుశా" ఆ రోజు ఉదయం కొట్టిన కైమా అయి ఉంటుందని రాశారు. ఆ బహుశా మై వాంగ్ పెట్టిందని ఆర్లిస్‌కి తెలుసు. ప్రభుత్వోద్యోగి చెయ్యగలిగిన సాహసం అంతే. ఊళ్లో నివేదిక చదివినవాళ్లెవరికీ ఆ మాట కంటికానలేదు.

డ్వేన్ మిషను అమ్మేశాడు. దాని స్థానంలో ఫ్యాక్టరీ నుంచి ప్లాస్టిక్ గొట్టాల్లో బిగించిన కైమా దిగింది, గొట్టం పది పౌన్లు. నాలుగు రాష్ట్రాల ఆవులు ఒకే ముద్దగా అందులో ఉంటాయి. పైన వండి తినండి అని పొయ్యి బొమ్మ అచ్చేసి ఉంటుంది. గొట్టం కోసి పళ్లేల్లో సర్దడం ఎవరైనా చెయ్యగల పని కాబట్టి, ఆర్లిస్‌ని చీజ్ బల్ల దగ్గరికి మార్చాడు.

"జీతం అదే," అన్నాడు. "చలిగదిలో నుంచునే బాధ తప్పుతుంది. మీ మంచికే."

"నువ్వు కొట్టావని రాస్తే నీకేం పోయేది, డ్వేన్?"

అతను పిల్లాడిలా నేలచూపులు చూశాడు. "దుకాణం పోయేది," అన్నాడు. అతను చెప్పిన నిజం అదొక్కటే. ఆర్లిస్ దాన్ని గౌరవించింది. మానేసి వెళ్లడానికి ఆమెకి వీల్లేదు. ప్రభుత్వపు బీమా మొదలయ్యే అరవై అయిదు నిండేదాకా, అంటే ఇంకా మూడేళ్లు, ఆరోగ్య బీమా దుకాణం ద్వారానే ఉంది. మోకాళ్లకి ఆపరేషను బాకీ ఉంది.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక, హాల్లో కాఫీ దగ్గర ఆర్లిస్ జరిగింది అందరి ముందూ చెప్పేద్దామని సిద్ధపడింది. రాత్రంతా వాక్యాలు కూడబలుక్కుంది. నోరు తెరిచేలోగా ఇర్మ్‌గార్డ్ బుస్సె చేతికర్ర పొడుచుకుంటూ ఎదురొచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ముసలావిడ సగమైపోయింది.

"అమ్మాయ్, నీ మీద నాకే కోపమూ లేదు. దేవుడి ఎదుట క్షమించేశాను. ఆ సంగతి నీకు చెప్పాలనే ఇవాళ వచ్చాను."

కాఫీ కప్పులు పళ్లేల మీద ఆగిపోయాయి.

"అది నేను కొట్టింది కాదు, ఇర్మ్‌గార్డ్," అంది ఆర్లిస్. "పన్నెండు దాటాక కొట్టారు. లెస్టర్‌కి తెలుసు. పాటల బృందంలో ఇద్దరికి తెలుసు. పొద్దుటిది మీలో సగం మంది ఇళ్లలో పచ్చిగా తిన్నారు. తిని, శుభ్రంగా ఉన్నారు."

ఎవరూ కాదనలేదు. అది అబద్ధమని అరిచినవాడు ఒక్కడున్నా ఆమెకి కొంత తెరిపిగా ఉండేది. పాటల బృందం ఆవిడ ఒకరు కేకు ముక్క కోస్తూ, "నిజమే కావచ్చు తల్లీ, అయిపోయిందిగా ఇప్పుడు. మళ్లీ ఎందుకు తవ్వడం," అంది మృదువుగా. ఇంకొకావిడ తల ఊపింది. లెస్టర్ కిటికీలోంచి మంచు చూస్తున్నాడు. ఇర్మ్‌గార్డ్ ఆర్లిస్ చేతి మీద తట్టింది.

"ఎవరైనా ముందు అలాగే అంటారమ్మా. నేను మాత్రం క్షమించాను. చాలా బాగుంది కూడా ఆ మాంసం, నాకు గుర్తుంది. నీ చేతి రుచి అంటే నీ చేతి రుచే."

ఒకరి తరవాత ఒకరు వచ్చి ఆర్లిస్‌ని కావలించుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆమెని పందొమ్మిది మంది రోగుల్లో పదమూడు మంది క్షమించారు. మిగతా ఆరుగురు ఆ వారం చర్చికి రాలేదు.

నిషేధమేదీ రాలేదు. వస్తుందని రాష్ట్రంలో ఎవరూ అనుకోలేదు కూడా. ఆ పుకారు ఆల్ట్‌హోఫ్‌లోనే పుట్టి ఆల్ట్‌హోఫ్‌లోనే పెరిగింది. డిసెంబరు రాగానే ఆరోగ్యశాఖ ప్రకటన ఎప్పట్లాగే వచ్చింది. ఊరు ఎప్పట్లాగే ఉల్లిపాయలు కొనుక్కుంది. గొట్టాల్లో కైమాని పచ్చిగా తినేటంత తెలివితక్కువవాళ్లు ఎవరూ లేరు. నలభై మైళ్ల అవతల ఇంకో ఊళ్లో ఓ కసాయి ఇప్పటికీ తెల్లవారగానే కొడతాడని కనుక్కున్నారు. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం లెస్టర్ చీజ్ బల్ల దగ్గరికొచ్చాడు.

"రెండు పౌన్లు బ్రిక్ చీజ్ ఇవ్వు, ఆర్లిస్. పల్చగా కొయ్యి. రేపు చర్చి వ్యానులో పదిమందిమి వెళ్తున్నాం, దారిలో తినడానికి."

"ఎన్నింటికి బయల్దేరుతున్నారు?"

"నాలుగున్నరకే. పొద్దుటిదే దొరకాలిగా. పది దాటితే ఇవ్వడట. చాలా నిక్కచ్చి మనిషట, శుభ్రం అంటే ప్రాణం పెడతాడట." లెస్టర్ స్వతహాగా దయగలవాడు. "నీకో పౌను తెచ్చిపెట్టనా?"

ఆర్లిస్ ఇటుకలాంటి ఆ చీజ్ దిమ్మని కోసే మర మీద పెట్టి, మందం సరిచేసింది. వరసలో ఆయన వెనక నలుగురున్నారు. అందరూ తెలిసినవాళ్లే, అందరూ ఆమె ఏమంటుందోనని ప్రేమగా చూస్తున్నారు.

"వద్దు," అంది. "నేను వండుకునే తింటాను."

కోసిన చీజ్‌ని కాగితంలో చుట్టి, తూకం చీటీ అంటించి, ఆయన చేతికిచ్చి, వెనకాతలవాళ్లకి ఏం కావాలని అడిగింది.